పంచాయితీ తేలేదాకా బొమ్మ ఆపొద్దు

2025 నవంబర్ 2 రాత్రి మా వీధిలో ఎవరూ తొందరగా పడుకోలేదు. మహిళల వన్డే ప్రపంచకప్ ఫైనల్. మా కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి జట్టులో ఉంది. దక్షిణాఫ్రికా మీద 52 పరుగుల తేడాతో గెలిచి మనవాళ్ళు మొదటిసారి ఆ కప్పు తెచ్చుకున్నారు. సరిగ్గా ఆ రోజుల్లోనే అమెరికాలో ఇంటర్నెట్ మీద టీవీ ఛానెళ్ళు ఇచ్చే యూట్యూబ్ టీవీకి డబ్బులు కట్టే సుమారు కోటి మందికి ఈఎస్‌పీఎన్ రావడం లేదు, ఏబీసీ రావడం లేదు. ఆ ఛానెళ్ళ యజమాని డిస్నీకి, యూట్యూబ్ టీవీకి ధర కుదరలేదు. అక్టోబర్ 30 అర్ధరాత్రి ఆగిన ఛానెళ్ళు నవంబర్ 14కు గానీ తిరిగి రాలేదు.

ఆ వార్త చదివి "అమెరికాలో కూడా ఇంతేనా" అని నవ్వుకున్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఎందుకంటే మనకిది కొత్త కాదు. 2023 ఫిబ్రవరి 18 గుర్తుందా? ఆ శనివారం మహాశివరాత్రి. పొలతలకో మహానందికో పోలేని ముసలివాళ్ళు జాగరణ చేసేది టీవీ ముందే. అదే రోజు డిస్నీ స్టార్, సోనీ, జీ సంస్థలు కొత్త ఒప్పందం మీద సంతకం పెట్టని కేబుల్ కంపెనీలకు సిగ్నల్ ఆపేశాయి. దేశం మొత్తమ్మీద 4.5 కోట్ల ఇళ్ళకు దెబ్బ పడిందని కేబుల్ కంపెనీల సమాఖ్య అప్పట్లో లెక్క చెప్పింది. దక్షిణాఫ్రికాలో మహిళల టీ20 ప్రపంచకప్ నడుస్తున్న రోజులవి, మన పక్క ఆదోని అమ్మాయి అంజలి శర్వాణి ఆ జట్టులో ఉంది. సమాఖ్య కేరళ హైకోర్టుకు వెళ్ళింది. మిగతా కంపెనీలు చాలావరకు సంతకం పెట్టాయి, వీళ్ళే మొండికేస్తున్నారని ఛానెళ్ళు అన్నాయి. వారం తిరక్కముందే సంతకాలు పడ్డాయి, బొమ్మ తిరిగొచ్చింది.

ఇలాంటి గొడవ జరిగినప్పుడల్లా మన దగ్గర రెండు పక్షాలు తయారవుతాయి. "కేబుల్ వాళ్ళు దోచుకుంటున్నారు" అనేది ఒకటి, "ఛానెళ్ళ వాళ్ళకు ఆశ ఎక్కువైంది" అనేది ఇంకొకటి. నేను రెండు పక్షాల్లోనూ చేరను. ఇద్దరు వ్యాపారస్తులు ధర కోసం కొట్లాడుకోవడం తప్పు కాదు. వాళ్ళు కొట్లాడుకుంటున్నంత సేపూ ముందుగా డబ్బు కట్టినవాడి టీవీ నల్లగా ఉండటం తప్పు. ఆ తప్పు కంపెనీల కంటే ఎక్కువగా మన నిబంధనల్లో ఉంది. నా వాదన ఇంతే, మిగతాదంతా దాని వివరణ.

ముందు డబ్బు ఎటు నుంచి ఎటు పారుతుందో చూడాలి. చాలామందికి తెలియని సంగతి ఏమిటంటే అది రెండు వైపులా పారుతుంది. పే ఛానెల్ అయితే మన దగ్గర వసూలైన డబ్బు కేబుల్ కంపెనీ గుండా ఛానెల్ యజమానికి పోతుంది. ఉచిత ఛానెల్ అయితే, ముఖ్యంగా వార్తల ఛానెల్ అయితే, ఛానెలే కేబుల్ కంపెనీకి ఎదురు డబ్బు కడుతుంది. దీన్నే క్యారేజ్ ఫీజు అంటారు. సంతలో ఆశీలు లాంటిదనుకోండి: సరుకు నీదే, అమ్ముకునేది నువ్వే, కానీ గంప దించినందుకు కట్టాలి.

ఈ ఆశీలు మొదలైంది పాత అనలాగ్ కేబుల్ కాలంలో. అప్పట్లో ఒక తీగలో పట్టే ఛానెళ్ళు వందకు అటూ ఇటూ. వాటిలో కూడా ముందు వరస ఛానెళ్ళు శుభ్రంగా వచ్చేవి, వెనక వరసలో చుక్కలు, గీతలు. అడిగేవాళ్ళు ఎక్కువ, చోటు తక్కువ. టీఆర్పీ మీటర్లు పెట్టిన నగరాల్లో ఆ చోటు కోసం ఛానెళ్ళు పోటీపడి కట్టాయి. తర్వాత డిజిటల్ వచ్చింది. మెట్రోల్లో 2012లో మొదలై, మన కడప, కర్నూలు, అనంతపురం లాంటి ఊళ్ళకు మూడో దశలో సెట్‌టాప్ బాక్సులు చేరాయి. చోటు ఇరుకు పోయింది. క్యారేజ్ ఫీజు మాత్రం పోలేదు.

2017లో టెలికాం, టీవీ ప్రసారాల నియంత్రణ సంస్థ ట్రాయ్ దీనికో పద్ధతి పెట్టింది. కేబుల్ కంపెనీ చందాదారుల్లో 5 శాతం లోపు మందే ఒక ఛానెల్ తీసుకుంటే, ఆ ఛానెల్ కంపెనీకి ఒక్కో చందాదారుకు నెలకు 20 పైసల దాకా కట్టాలి. తీసుకునేవాళ్ళు పెరిగేకొద్దీ అది 15, 10, 5 పైసలకు దిగుతుంది. 20 శాతం దాటితే సున్నా. 2020లో ఒక ఛానెల్ ఒక కంపెనీకి నెలకు 4 లక్షలకు మించి కట్టనక్కర్లేదని పైహద్దు కూడా పెట్టారు. అడిగిన ఛానెల్‌ను వరస ప్రకారం చేర్చుకోవాల్సిందే అని కేబుల్ వాళ్ళకు, అడిగిన కంపెనీకి సిగ్నల్ ఇవ్వాల్సిందే అని ఛానెళ్ళకు చెప్పారు. కాగితం మీద బాగానే ఉంది. కానీ జాగ్రత్తగా చూడండి: జనం ఇప్పటికే చూస్తున్న పెద్ద ఛానెల్ ఏమీ కట్టదు, కొత్తగా పుట్టిన చిన్న ఛానెల్ పూర్తి రేటు కడుతుంది. ఉన్నవాడికి మాఫీ, లేనివాడికి అద్దె. సీమ వార్తలే చెప్పే ఛానెల్ పెట్టాలని రేపు ఎవరికైనా ఉబలాటం పుడితే కెమెరా కొనే ముందు వేసుకోవాల్సిన లెక్క ఇది. పది లక్షల బాక్సులున్న ఒక్క కంపెనీకే నెలకు 2 లక్షలు.

పే ఛానెళ్ళ లెక్క వేరే. 2019 ఫిబ్రవరిలో కొత్త పద్ధతి అమల్లోకి వచ్చినప్పుడు ఊరంతా ఛానెళ్ళ ఫారాలు నింపింది గుర్తుండే ఉంటుంది. వంద ఛానెళ్ళ దాకా కనెక్షన్ రుసుము 130 రూపాయలు, 18 శాతం జీఎస్టీ కలిపితే 153 రూపాయల 40 పైసలు. ఆపైన కావలసిన పే ఛానెల్‌కు దాని ధర. బొకేలో, అంటే కొన్ని ఛానెళ్ళు కలిపి అమ్మే కట్టలో, చేర్చాలంటే ఒక్కో ఛానెల్ ధర 19 రూపాయలు దాటకూడదు. 2020లో ట్రాయ్ ఆ హద్దును 12కు దించింది, ఛానెళ్ళు కోర్టుకెక్కాయి, చివరికి 2022 నవంబర్‌లో మళ్ళీ 19 అయింది. 2023 శివరాత్రి గొడవ ఆ కొత్త ధరల మీదే.

ఆ 19 రూపాయలు ఎవరెవరికి పోతాయంటే: ఛానెల్‌కు 80 శాతం, అంటే 15 రూపాయల 20 పైసలు. మిగిలిన 3 రూపాయల 80 పైసలు పంపిణీ వాటా. వేరే ఒప్పందం లేకపోతే అందులో 55 శాతం పైన ఉండే పెద్ద కంపెనీకి, అంటే ఎమ్మెస్వోకి. 45 శాతం మన వీధి ఆపరేటర్‌కు. అంటే రూపాయి 71 పైసలు. (తగ్గింపులు, ప్రోత్సాహకాలు వేరే ఉంటాయి, వాటి జోలికి పోను, తల తిరుగుతుంది.) ఇంటింటికీ తిరిగి వసూలు చేసేది, వర్షంలో స్తంభమెక్కి తీగ ముడేసేది, కరెంటు స్తంభాలకు అద్దె కట్టేది ఆ రూపాయి 71 పైసల మనిషే. ఛానెల్ ఆగినప్పుడు తిట్లు తినేదీ ఆయనే.

మా ఇంట్లో కూడా ఒకసారి ఉన్నట్టుండి కొన్ని ఛానెళ్ళు పోయాయి. ఏ కంపెనీవి, ఏ ఛానెళ్ళు అనేది ఇక్కడ అనవసరం. మా అమ్మ చూసే సీరియల్ అందులో ఉంది కాబట్టి ఇంట్లో టెన్షన్ మాత్రం ఎక్కువే. మా కేబులాయనకు ఫోన్ చేశాను.

"నేను ఎత్తేయలేదు సార్. పైనుంచే రాల్యా. పొద్దున్నించీ ఇదే మాట చెప్పి చెప్పి నోరు నొప్పి పుడతాంది."

"మరి ఎప్పుడొస్తాయన్నా?"

"వాళ్ళకూ వీళ్ళకూ కుదిరినప్పుడు. నాకు ఎవురు చెప్తారు సార్? నేనూ మీ మాదిరే టీవీలో చూసి తెలుసుకునేదే."

అబద్ధం కాదు. చర్చలు ముంబైలోనో హైదరాబాద్‌లోనో జరుగుతాయి. ఆ గదిలో ఆయన లేడు, నేనూ లేను. మా ఇద్దరి మీద ప్రయోగించే ఆయుధం మాత్రం ఒకటే, నల్ల తెర. నాకు కోపం రావాలి, నేను ఆయన మీద అరవాలి, ఆయన పైకి ఫోన్ చేసి మొత్తుకోవాలి, అప్పుడు పైవాడు దిగిరావాలి. ఛానెల్ ఆపడం వెనక ఉన్న లెక్క ఇదే. మన కోపమే వాళ్ళ బేరానికి పెట్టుబడి.

ఇప్పుడు నిబంధన సంగతి. 2017 నిబంధనల ప్రకారం పాత ఒప్పందం గడువు ముగిసేలోపు కొత్త రాతపూర్వక ఒప్పందం చేసుకోవాలి. గడువుకు 60 రోజుల ముందే ఛానెల్ కంపెనీ నోటీసు ఇవ్వాలి. 15 రోజుల ముందు నుంచి తెర మీద స్క్రోలింగ్ వేసి చూసేవాళ్ళకు చెప్పాలి. ఇంతవరకూ బాగుంది. అయినా ఒప్పందం కుదరకపోతే? గడువు తీరాక పే ఛానెల్ సిగ్నల్ ఇవ్వకూడదు అని ఉంది. ఇవ్వకపోవచ్చు అని కాదు, ఇవ్వకూడదనే. ఈ గీత ఎందుకు గీశారో నాకు అర్థమవుతుంది. కాగితం లేకుండా ఏళ్ళ తరబడి సిగ్నల్ వాడుకుని, తర్వాత బాకీల మీద కోర్టుల చుట్టూ తిరగడం ఈ రంగంలో పాత జబ్బు. దానికి మందు ఇది. కానీ ఆ మందు మింగింది మనం. గడువు రోజు దగ్గరపడేకొద్దీ ఎవరి బలం ఎక్కువో అందరికీ తెలుసు. చేతిలో క్రికెట్ ఉన్నవాడిది. 2023 నుంచి 2027 దాకా ఐపీఎల్ టీవీ హక్కులకే 23,575 కోట్లు కట్టిన సంస్థ ఆ డబ్బు ఎక్కడో ఒకచోట రాబట్టుకోవాలి కదా.

కెనడాలో దీనికి తలకిందులుగా ఉంది నిబంధన. అక్కడి ప్రసార నియంత్రణ సంస్థ సీఆర్‌టీసీ దగ్గర గొడవ నడుస్తున్నంత కాలం ఛానెల్ సిగ్నల్ ఇస్తూ ఉండాలి, కేబుల్ కంపెనీ చూపిస్తూ ఉండాలి. గొడవకు ముందు ఏ షరతులున్నాయో అవే కొనసాగుతాయి. రాజీ కుదరకపోతే మధ్యవర్తిత్వం. అందులో నాకు బాగా నచ్చిన ఒక పద్ధతి ఉంది. రెండు పక్షాలూ తమ ఆఖరి అంకె రాసి ఇవ్వాలి. తీర్పు చెప్పేవాళ్ళు ఆ రెండింటిలో ఒకటి ఎంచుకుంటారు, మధ్యలో ఇంకో అంకె పెట్టరు. దాంతో ఆకాశంలో అంకె వేసినవాడు ఓడిపోతాడు, కాబట్టి ఇద్దరూ ముందే నేలకు దిగుతారు. మన పల్లె పెద్దమనుషులు "నువ్వు చెప్పిందీ కాదు, వాడు చెప్పిందీ కాదు" అని సగానికి కోసే అలవాటు వల్లే కదా, ఇద్దరూ ముందునుంచే రెట్టింపు చెప్పేది!

అమెరికాలో ఈ రక్షణ లేదు. 1992 కేబుల్ చట్టం వచ్చినప్పటి నుంచీ అక్కడి స్థానిక స్టేషన్లు తమ ప్రసారం మళ్ళీ చూపించాలంటే అనుమతి తీసుకోమని, దానికి డబ్బు కట్టమని కేబుల్ కంపెనీలను అడగగలుగుతున్నాయి. అందుకే అక్కడ ఇలాంటి కోతలు మామూలైపోయాయి. 2023లో చార్టర్‌కూ డిస్నీకీ, 2024లో డైరెక్‌టీవీకీ డిస్నీకీ, 2025లో యూట్యూబ్ టీవీకీ డిస్నీకీ. మూడూ ఆగస్టు ఆఖరుకూ అక్టోబర్ ఆఖరుకూ మధ్యే, వాళ్ళ ఫుట్‌బాల్ సీజన్ మొదలయ్యే వేళకో, నడుస్తుండగానో. ముహూర్తం చూసి మరీ పెట్టుకుంటారేమో. కానీ ఈసారి యూట్యూబ్ టీవీ తన చందాదారులకు 20 డాలర్లు తగ్గించింది. 2024 జనవరిలో అక్కడి నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ, ఛానెల్ పోయిన రోజులకు వినియోగదారుడికి డబ్బు వెనక్కి ఇప్పించాలన్న ప్రతిపాదన కూడా ముందుకు తెచ్చింది.

మరి మన దగ్గర? మా ఛానెళ్ళు పోయిన ఆ నెల నా రీఛార్జ్ ఒక్క పైసా తగ్గలేదు. అడిగితే "అది బొకే సార్, అందులో ఒకటి పోతే ధర మారదు" అన్నారు కస్టమర్ కేర్ వాళ్ళు. అమ్మేటప్పుడు ఛానెల్ ధర 19 అని అచ్చు వేస్తారు, పోయినప్పుడు దానికి విడిగా విలువ లేదంటారు. నేను అనేది, అచ్చు వేసిన ధర ప్రకారమే తగ్గించమని. 19 రూపాయలను 30తో భాగిస్తే రోజుకు 63 పైసలు. ఆరు రోజులు పోతే ఇంటికి 3 రూపాయల 80 పైసలు. దీనికోసం ఎవడూ వినియోగదారుల కోర్టుకు పోడు, నేనూ పోను. కానీ సమాఖ్య చెప్పిన 4.5 కోట్ల ఇళ్ళతో గుణించి చూడండి. ఆ ఇళ్ళన్నీ ఆ ఛానెల్ తీసుకున్నాయనుకుంటే, ఒక్క 19 రూపాయల ఛానెల్‌కు ఆరు రోజుల్లో 17 కోట్లు దాటుతుంది. ఆ డబ్బు మన బాక్సు ఖాతాలో ఎవరూ అడగకుండానే పడే ఏర్పాటు ఉంటే, ఛానెల్ ఆగిన ప్రతి రోజూ కేబుల్ కంపెనీకి నొప్పి. ప్రకటనల ఆదాయం పోతుంది కాబట్టి ఛానెల్‌కు ఎలాగూ నొప్పి. ఇద్దరికీ నొప్పి ఉన్నచోట సంతకాలు తొందరగా పడతాయి.

"నచ్చకపోతే కేబుల్ మార్చుకో, లేదంటే ఫోన్లో చూసుకో" అనేవాళ్ళున్నారు. చెప్పడం సులభం. ఫోన్ నంబర్ మార్చకుండా కంపెనీ మారినట్టు బాక్సు మార్చకుండా కేబుల్ మారలేం. ఒకరి బాక్సు ఇంకొకరికి పనిచేయదు. అన్ని చోట్లా పనిచేసే బాక్సులు రావాలని 2020లో ట్రాయ్ సిఫారసు చేసింది, నా టీవీ కింద ఉన్నది మాత్రం ఇప్పటికీ ఒక్క కంపెనీ మాటే వింటుంది. ఇక ఫోన్ సంగతి. కుర్రవాళ్ళు ఎప్పుడో వెళ్ళిపోయారు. ఏడు కోట్ల దాకా ఉన్న డీటీహెచ్ కనెక్షన్లు ఆరు కోట్ల కిందికి జారడానికి అదీ ఒక కారణం. ఇప్పటికీ కేబుల్ మీదే ఉన్నది ఎవరంటే మా అమ్మలాంటి వాళ్ళు, నెల మొత్తానికి ఒకేసారి కట్టేసి రిమోట్‌లో రెండు మీటలు మాత్రమే నొక్కేవాళ్ళు. నల్ల తెర దెబ్బ సరిగ్గా వాళ్ళకే.

పైగా అమ్మేవాడూ కొనేవాడూ ఒకే ఇంటివాళ్ళు అయిపోతున్న కాలం ఇది. 2024 నవంబర్‌లో స్టార్, వయాకామ్18 కలిసి జియోస్టార్ అయ్యాయి. దాన్ని నడిపే రిలయన్స్ చేతిలోనే హాత్‌వే, డెన్ లాంటి కేబుల్ కంపెనీలూ ఉన్నాయి. సన్ గ్రూపుకు ఛానెళ్ళూ ఉన్నాయి, సన్ డైరెక్టూ ఉంది. ఇలాంటి చోట బేరం ఇద్దరు అపరిచితుల మధ్య జరుగుతుందని నమ్మి నిబంధనలు రాయడం అమాయకత్వం.

రాజకీయ కోతల గురించి కూడా ఒక మాట. 2014లో తెలంగాణలో టీవీ9, ఏబీఎన్ ఆగాయి. 2019లో మన రాష్ట్రంలో టీవీ5, ఏబీఎన్. 2024లో టీవీ9, సాక్షి, ఎన్టీవీ, 10టీవీ. ప్రభుత్వం మారిన ప్రతిసారీ ఛానెల్ మారింది, పద్ధతి మారలేదు. టెలికాం, ప్రసార వివాదాల ట్రిబ్యునల్ టీడీశాట్ దాకానో ఢిల్లీ హైకోర్టు దాకానో పోవాల్సి వచ్చింది. అది డబ్బు గొడవ కాదు కాబట్టి ఈ వ్యాసంలో దాని పాత్ర చిన్నదే. కానీ సిగ్నల్ ఆపాలంటే ముందు ఒక మధ్యస్థ సంస్థ అనుమతి కావాలి అనే నిబంధన ఉంటే, ఈ కోతలకూ కొంత అడ్డుకట్ట పడేది. కడపలో ఈ టాపిక్ ఎత్తితే టీ చల్లారిపోయినా మాట ఆగదు, కాబట్టి ఇక్కడే వదిలేస్తున్నా.

నా మాటకు గట్టి అభ్యంతరం ఒకటుంది. గొడవ నడిచినంత కాలం సిగ్నల్ ఇస్తూనే ఉండాలంటే, కేబుల్ కంపెనీ పాత ధరకే వాడుకుంటూ గొడవను సాగదీయదా? సాగదీస్తుంది, అనుమానం లేదు. అందుకే గడువు కావాలి. మూడు నెలల్లో తీర్పు రావాలి. తీర్పులో ఏ ధర ఖాయమైతే అది పాత ఒప్పందం ముగిసిన రోజు నుంచే వర్తించాలి, తేడా వడ్డీతో కట్టాలి. అప్పుడు సాగదీసి లాభం లేదు. ఇక ఒప్పుకున్న ధర కూడా కట్టకుండా బాకీ పడ్డ కంపెనీ సంగతి వేరు. వాడికి మూడు వారాల నోటీసు ఇచ్చి ఆపే హక్కు ఇప్పుడు ఉన్నట్టే ఉండాలి. ధర తేలకపోవడం ఒకటి, డబ్బు ఎగ్గొట్టడం ఇంకొకటి. రెండింటికీ ఒకే శిక్ష, అదీ మనకు, అనేదే నా గొడవ.

ట్రాయ్ ఈ నిబంధనలను 2017 నుంచి ఇప్పటికి చాలాసార్లు మార్చింది. 2024 జూలైలో 130 రూపాయల కనెక్షన్ రుసుము హద్దునే ఎత్తేసింది, క్యారేజ్ ఫీజులో ఎస్‌డీ, హెచ్‌డీ తేడా తీసేసింది. మార్చే ముందు ప్రతిసారీ అభిప్రాయాలు చెప్పమని పత్రం పెడుతుంది. అది ఇంగ్లీషులో ఉంటుంది, పేజీలకు పేజీలు. జవాబులు రాసేది కంపెనీల లాయర్లు. ఈసారి పత్రం వచ్చినప్పుడు మనం తెలుగులోనైనా సరే రాసి పంపుదామని మా కేబులాయనతో అన్నాను, ఆపరేటర్ల సంఘం తరఫున రాస్తే ఇంకా బలంగా ఉంటుందని. ఆయన అంతా ఓపిగ్గా విన్నాడు.

"రాద్దాం సార్. ఛానెల్ పోకపోతే నాకూ తిట్లు తప్పుతాయి. కానీ అప్పుడు గూడా నాకొచ్చేది ఆ రూపాయి ముప్పావలేనా?"

అవును, అంతే. ఆ 55, 45 వాటాల సంగతి మీద ఇంకో పోస్టు రాయాలి. దానికి ఆయన దగ్గర కూర్చుని పాత రసీదులన్నీ చూడాలి.